పాత కారు – రోగ నిదానము

1888 ఆగస్టు నెలలో జర్మనీ దేశపు మాన్‌హైమ్ పట్టణమునుండి ఒక ఇల్లాలు తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకుండ, ఆయన తయారుచేసిన మూడు చక్రముల మోటారుబండిలో పుట్టింటికి బయలుదేరినది. ఆమె పేరు బెర్తా బెంజ్. భర్త కార్ల్ బెంజ్ ఆ బండి పేటెంటు కొరకు 1886 జనవరి 29న దరఖాస్తు పెట్టుకొన్నాడు. కాని దానిని నమ్మి కొనువారు లేరు. పుట్టిల్లు ఉన్న ఫోర్జ్‌హైమ్ సుమారు 100 కిలోమీటర్ల దూరము. దారిలో ఇంధనపు గొట్టములో నలుసు అడ్డుపడినది. ఆమె టోపీకి గ్రుచ్చుకొను పొడుగాటి పిన్నుతో దానిని తొలగించినది. విద్యుత్తీగ పైతొడుగు ఒరిసిపోయినది. మేజోడు పట్టీని దానికి చుట్టినది. ఇంజనులోని నీరు ఆవిరియై పోవుచుండెను. నీళ్ళు కనబడిన చోటనెల్ల ఆపి పోయవలసివచ్చినది. ఇంధనము చాలక వీస్‌లోఖ్ అను ఊరిలో మందుల అంగడికి పోయి, బట్టలమీది మరకలు పోగొట్టుటకు అమ్ము లిగ్రాయిన్ ద్రవమును కొన్నది.

మోటారుబండిలో జరిగిన మొదటి దూరప్రయాణముగా దీనిని చెప్పుదురు. దారిలో చేసిన మరమ్మతుల మొదటి పట్టిక కూడ ఇదియే అనుటలో తప్పులేదు. ఇంధనము, నిప్పురవ్వ, నీరు – ఆ తరువాత నూరేండ్లపాటు ప్రపంచములో ఎక్కడ కారు ఆగినను కారణము చాలవరకు ఈ మూడింటిలో ఒకటిగనే ఉండెడిది.

ఈ మూడు బాధలును ఒకేచోట చూడదలచినవారికి నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు దారి తగిన చోటు. దూరము సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందేరు, మధ్య నల్లరేగడి పొలములు. దారిలో సిరివెళ్ల వచ్చును. ఒకప్పుడు 18వ నంబరు జాతీయ రహదారి అనబడిన ఈ దారి 2010లో జరిగిన మార్పులలో 40వ నంబరు అయినది. కర్నూలు జిల్లాలో భాగముగా ఉండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లా. నంద్యాలకు రైలు కలదు, ఆళ్లగడ్డకు లేదు. కావున రైలు దిగి అహోబిలమునకు పోవు యాత్రికుడైనను, ఆళ్లగడ్డ శిల్పులవద్ద విగ్రహము చేయించుకొన వచ్చినవాడైనను, బస్సో కారో ఎక్కక తప్పదు. మే నెలలో ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పోవును.

ఈ దారిలో చాలకాలము తిరిగిన కార్లు రెండు మూడు రకములే. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర, ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి అంబాసిడర్‌ను విడుదల చేసినారు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారములో దాని ఉత్పత్తి 2014 వరకు సాగినది. బొంబాయి ప్రీమియర్ కంపెనీవారి ఫియట్, మహీంద్రావారి జీపు మిగిలినవి. వీటి లోపలి ఏర్పాటు దాదాపు ఒకటియే. అంబాసిడర్ రోగము తెలిసిన మెకానిక్కు ఫియట్ రోగమును కూడ కనుగొనగలిగెడివాడు.

ఆగిన కారును పరీక్షించుటలో అనుభవజ్ఞుని మొదటి ప్రశ్న, సెల్ఫ్ నొక్కిన ఇంజను తిరుగుచున్నదా లేదా అనునది. తిరుగనిచో పెట్రోలు సంగతి చూడనక్కరలేదు, దోషము బ్యాటరీ వైపున ఉన్నది. తిరిగియు అంటుకొననిచో రవ్వ వచ్చుచున్నదా అనునది రెండవ ప్రశ్న. రవ్వ ఉన్నచో మూడవది పెట్రోలు. ప్రతి ప్రశ్నతోను అనుమానింపవలసిన భాగములు సగమునకు సగము తగ్గిపోవును. ఇది ఎవరో గ్రంథము వ్రాసి నేర్పిన పద్ధతి కాదు. వందల భాగములను ఒక్కొక్కటిగా విప్పి చూచుటకు నడిరోడ్డుమీద వ్యవధి లేకపోవుటచేత పుట్టిన పద్ధతి. మన పూర్వులు వైద్యములో నిదానమునకు ఒక శాస్త్రమును, చికిత్సకు మరియొక శాస్త్రమును ఏర్పరచిరి. పాత కారు విషయములోను చికిత్స సులభము, నిదానమే కష్టము.

సెల్ఫ్ నొక్కగా 'టిక్' మని ఊరకుండిన కారు చాలమంది చూచినదే. అప్పుడు పెద్దదీపములు వెలిగించి మరల నొక్కి చూడవలెను. దీపములు మసకబారినచో బ్యాటరీ బలహీనము, లేదా దాని కొనలవద్ద పట్టు సరిలేదు, లేదా సెల్ఫ్ మోటారు పండ్లు ఇరుక్కొన్నవి. దీపములు ఏమాత్రము తగ్గకున్నచో కరెంటు సెల్ఫ్ మోటారుదాకా పోవుటయే లేదు. బ్యాటరీ కొనలమీద పేరుకొను తెల్లని, పచ్చని పొడిని చాలమంది అలక్ష్యము చేయుదురు. ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమును ఇక్కడ ప్రయోగించి చూచిన దాని శక్తి తెలియును. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల కరెంటు తీసుకొనుచున్నదనుకొందము. ఆ పొడివలన కలిగిన నిరోధము ఓమ్‌లో 50వ వంతు మాత్రమే అయినను, అక్కడనే 3 వోల్టులు నష్టమగును. 12 వోల్టుల బ్యాటరీలో ఇది నాలుగవ వంతు. దీపమునకు కావలసినది కొద్ది ఆంపియర్లే కనుక అదే నిరోధము దానిని బాధింపదు. "దీపము బాగుగా వెలుగుచున్నది కదా, బ్యాటరీ మంచిదే" అను వాదములోని లోపము ఇదియే. వేడినీళ్ళు, వంటసోడా, తరువాత కొంచెము గ్రీజు – ఇంతటితో నయమగు రోగమునకు క్రొత్త బ్యాటరీ కొన్నవారు ఎందరో!

మరియొక వింత రోగము కలదు. ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుండును గనుక, దానిని కారు శరీరముతో కలుపుటకు ఒక లావుపాటి రాగిపట్టీ ఉండును. అది తెగినచో సెల్ఫ్ కరెంటు వేరు దారి వెదకుకొని చోక్ తీగగుండ పోవును. అంత సన్నని తీగ ఆ కరెంటును మోయలేక ఎఱ్ఱగా కాలి పొగలు గ్రక్కును. చోక్ తీగ కాలినదని దానినే మార్చినవాడు మరునాడు మరల మార్చవలసివచ్చును.

నిప్పురవ్వ చరిత్ర

పాఠశాలలో నేర్చుకొను విద్యుదయస్కాంత ప్రేరణకు పాత కారుకన్న మంచి ఉదాహరణము దొరకదు. ఫారడే 1831లో కనుగొన్నది ఒక తీగచుట్టలో కరెంటు మారినపుడు ప్రక్క చుట్టలో కరెంటు పుట్టునని. 1836లో ఐర్లండులోని కాలన్, 1850ల ఆరంభములో పారిస్‌లోని రూమ్‌కార్ఫ్ దీని ఆధారముతో తక్కువ వోల్టేజినుండి పెద్ద రవ్వలు తీయు కాయిల్‌లను చేసినారు. 1853లో ఫిజో ఆ కాయిల్‌కు ఒక కండెన్సర్‌ను జతచేసినచో రవ్వ బలపడునని చూపినాడు. వీరిలో ఎవరికిని కారు తెలియదు. అది పుట్టుటకు ఇంకను మూడు దశాబ్దములు కావలసియున్నది.

కారులో ఈ రవ్వను పుట్టించుటకు రెండు మార్గములు పోటీపడినవి. ఒకటి బ్యాటరీ అవసరము లేని మాగ్నెటో. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ దీనిని వృద్ధిచేసినది. ఆ సంస్థలోని హోనోల్డ్ 1902లో హెచ్చు వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును రూపొందించినాడు. రెండవది అమెరికాలో చార్లెస్ కెటరింగ్ ఏర్పరచిన బ్యాటరీ పద్ధతి. అతని డెల్కో సంస్థ తయారుచేసిన ఈ పరికరము 1910 నాటి కాడిలాక్ కార్లలో అమరినది. రెండేండ్లలో అతడే సెల్ఫ్ మోటారును కూడ ఆ కార్లకు పెట్టించినాడు. కారు స్టార్టుచేయుటకు ఇనుప హ్యాండిల్ త్రిప్పుచుండగా అది వెనుకకు తన్ని చేతులు విరుగుట అంతకుముందు సాధారణము. సెల్ఫ్ కొరకు పెద్ద బ్యాటరీ, దానిని నింపుటకు డైనమో కారులోనికి వచ్చిన పిమ్మట మాగ్నెటో అవసరము క్రమముగా తగ్గినది. అంబాసిడర్‌లోను, ఫియట్‌లోను దశాబ్దముల తరబడి ఉన్నది కెటరింగ్ పద్ధతియే.

దాని పని ఇట్లుండును. బ్యాటరీ కరెంటు కాయిల్‌లోని లావు తీగచుట్టలో ప్రవహించును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడిపోగానే ఆ కరెంటు ఆగి అయస్కాంత క్షేత్రము కూలిపోవును. వేలకొలది చుట్లున్న సన్నని తీగలో అప్పుడు పదునైదు, ఇరువదివేల వోల్టులు పుట్టును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు రవ్వలు నిమిషమునకు 6000, అనగా సెకనుకు నూరు కావలెను. సెకనుకు నూరుసార్లు కొట్టుకొను ఆ రెండు పాయింట్ల నడుమ ఎడము సుమారు 0.4 మిల్లీమీటరు మాత్రమే. అది అరిగి తగ్గినచో రవ్వ ఆలస్యముగా వచ్చును, కారు ఎక్కుడు ఎక్కలేదు.

ఫిజో చెప్పిన కండెన్సర్ ఇక్కడ చేయు పని గమనింపదగినది. పాయింట్లు విడిపోవునపుడు కరెంటు ఊరక ఆగదు, ఆ ఎడమును దూకి మంటగా పోజూచును. కండెన్సర్ దానిని తనలోనికి తీసుకొని ఆ మంటను అణచును. కరెంటు ఎంత హఠాత్తుగా ఆగిన అంత హెచ్చు వోల్టేజి వచ్చును. కనుక కండెన్సర్ చెడినచో పాయింట్లు నల్లబడి గుంటలు పడును, రవ్వ పసుపుపచ్చగా పీలగా వచ్చును. మంచి రవ్వ నీలముగా, 'టప్' మను ధ్వనితో ఉండును. పాయింట్లు నల్లబడినవని ఉప్పుకాగితముతో రుద్ది, వారము దినములకు మరల అట్లే కాగా మరల రుద్దు డ్రైవరు, జ్వరము వచ్చినవాని నుదుట తడిగుడ్డ వేసి సరిపెట్టువాని వంటివాడు.

నేల, నీరు, రేడియేటరు

1872లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ విలియం కింగ్ వ్రాసిన గ్రంథమును ప్రకటించినది. కడప, కర్నూలు ప్రాంతముల రాతిపొరలను గూర్చిన గ్రంథమది. అందులో కుందేరు లోయలోని పైపొరలకు అతడు పెట్టిన పేర్లు ఇప్పటికిని భూవిజ్ఞానములో నిలిచియున్నవి: నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి. వాటి క్రింద నార్జి సున్నపురాయి. బేతంచెర్లనుండి వచ్చి ఈ ప్రాంతపు ఇండ్లలో నేలకు పరచు నాపరాయి ఈ జాతిదే.

రాళ్ళ సంగతి రేడియేటరుకు ఎందుకనగా, సున్నపురాతి పొరలలో ఊరిన బావినీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగియుండును. ఆ నీరు కాగినపుడు బొగ్గుపులుసు వాయువు పోయి కాల్షియం కార్బొనేటు పొరగా అంటుకొనును. నీళ్ళు కాచు గిన్నెల అడుగున తెల్లగా పట్టునది ఇదియే. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో దాదాపు మూడవ వంతును నీరు మోసికొనిపోయి రేడియేటరులో గాలికి ఇయ్యవలెను. సున్నపు పొర ఇనుముకన్న కొన్ని పదుల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును. పైగా రేడియేటరు సన్నగొట్టములను మూసివేయును. అందువలన కారు మరగును. మరిగి పోయిన నీటికి బదులు దారిప్రక్క బావినీరు పోయుదురు. దానితో మరికొంత సున్నము లోపలికి పోవును. రోగము ముదురుటకు రోగియే మందు త్రాగినట్లు! వాననీరు పట్టి ఉంచుకొని పోసిన ఈ బాధ రాదు.

మరుగు కారులో దోషము ఎక్కడనో తెలిసికొనుటకు అది ఎప్పుడు మరుగుచున్నదో చూచిన చాలును. నంద్యాల బజారులో నెమ్మదిగా పోవునపుడు మరిగి, దారిలో వేగముగా పోవునపుడు చల్లబడినచో ఫ్యాన్ బెల్టు వదులైనదని తలపవచ్చును. వేగముగా పోవునపుడు గాలి దానంతటదే వచ్చును గనుక ఫ్యాన్ లోపము బయటపడదు. బజారులో బాగుగనే ఉండి, గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కునపుడు మరిగినచో గొట్టములలో సున్నము పట్టియుండును. వేడి హెచ్చుగా పుట్టినపుడే ఆ లోపము తెలియును. మరుగుచున్న రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. మూత లోపలి ఒత్తిడిని పెంచి నీటి మరుగు స్థానమును 100 డిగ్రీలకు పైన ఉంచుచుండును. మూత తీసినంతనే ఒత్తిడి తగ్గి, లోపలి నీరు ఒక్కసారిగ ఆవిరియై ముఖముమీదికి చిమ్మును.

తడిగుడ్డ చిక్కు

ఇక పెట్రోలు. మే నెల మధ్యాహ్నము నంద్యాలలో బయలుదేరిన అంబాసిడర్ ఒకటి సిరివెళ్ల దాటగానే దగ్గి, ఎగిరిపడి, ఆగిపోయినదనుకొందము. డ్రైవరు బానెట్ ఎత్తి, ఒక గుడ్డను తడిపి పెట్రోలు పంపుమీద వేయును. చెట్టునీడలో ఒక బీడీ కాల్చును. అర్ధగంటకు కారు స్టార్టగును. "వేపర్ లాక్ అండీ, ఎండకు పెట్రోలు ఆవిరి పట్టింది" అని చెప్పును. కూర్చున్నవారు తల ఊపుదురు.

అతడు చెప్పినదానిలో శాస్త్రము కలదు. పెట్రోలు ఒకే పదార్థము కాదు, అనేక ద్రవముల మిశ్రమము. వానిలో తేలికవి 40 డిగ్రీల లోపలనే మరుగ మొదలిడును, బరువైనవి 200 డిగ్రీలవరకు నిలుచును. బానెట్ క్రింద వేడి బయటి ఎండకన్న ఎంతో హెచ్చు. పంపు పెట్రోలును పీల్చునపుడు గొట్టములో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గిన మరుగు స్థానము తగ్గును. పుట్టిన ఆవిరిబుడగను పంపు నలుపుచుండునే గాని పెట్రోలును ముందుకు త్రోయలేదు. తడిగుడ్డ పనిచేయుట కుండలో నీరు చల్లబడుట వంటిదే. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 540 కాలరీల వేడి కావలెను, దానిని పంపునుండి తీసికొనును. రాయలసీమ వేసవిగాలి పొడిగాలి గనుక ఈ ఉపాయము సముద్రతీరపు ఊళ్ళలోకన్న ఇక్కడ బాగుగా పారును.

అయినను డ్రైవరు చెప్పినది నిజమని ఇంకను తేలలేదు. అదే ఎండలో, అదే దూరములో, అదే విధముగా ఆగి, అర్ధగంటకు మరల స్టార్టగు రోగములు మరి రెండు కలవు. ఒకటి కాయిల్. లోపలి సన్నని తీగ ఎక్కడనైన విరుగ సిద్ధముగా ఉన్నచో, వేడికి వ్యాకోచించి విడిపోవును, చల్లారగానే కలిసికొనును. పాత కండెన్సర్ కూడ వేడికి ఇట్లే మొరాయించును. రెండవది పెట్రోలు ట్యాంకు మూత. పెట్రోలు తగ్గినకొలది లోపలికి గాలి పోవుటకు మూతలో సన్నని రంధ్రము ఉండును. నల్లరేగడి దుమ్ముతో అది మూసికొనిపోయినచో ట్యాంకులో శూన్యము ఏర్పడి పెట్రోలు కదలదు. కొంతసేపటికి సందులగుండ గాలి దూరి శూన్యము తగ్గును. కారు మరికొంత దూరము నడచును.

ఈ మూడింటికిని అర్ధగంట విశ్రాంతియే మందు. డ్రైవరు తడిగుడ్డ వేసినాడు, కాని అర్ధగంట కాలము కూడ గడచినది. కారును నడిపించినది గుడ్డయా, కాలమా? గుడ్డ వేసిన తరువాత నయమైనది గనుక గుడ్డవలననే నయమైనదనుట తర్కమునకు నిలువదు. ఈ పొరపాటువలన కాయిల్ చెడిన కార్లకు పంపులు మార్చుట, మూత మూసికొన్న కార్లకు కాయిల్‌లు మార్చుట జరిగినది. మార్చినవారు అబద్ధమాడినవారు కారు. మార్చి, మరల బిగించునప్పటికి కారు చల్లారి స్టార్టయినది. వారికి కావలసిన ఋజువు దొరికినది!

నిజము కనుగొనవలెనన్న కారు ఆగిన క్షణముననే, వేడిగా ఉన్నప్పుడే పరీక్షింపవలెను. మొదట ట్యాంకు మూత వదులు చేయవలెను. 'ఉస్' మని గాలి లోపలికి పోయినచో దొంగ దొరికినట్లే. లేనిచో కాయిల్ నుండి డిస్ట్రిబ్యూటరుకు పోవు నడిమి తీగను ఊడదీసి, దాని కొనను పట్టుకర్రతో ఇంజను లోహమునకు అర సెంటీమీటరు దూరములో ఉంచి, సెల్ఫ్ నొక్కింపవలెను. నీలి రవ్వ వచ్చినచో కాయిల్ నిర్దోషి. ఆ తీగను యథాస్థానమున పెట్టి, తాళము తీసిన తరువాతనే పెట్రోలు గొట్టము విప్పవలెను. రవ్వను, పెట్రోలును ఒకేసారి పరీక్షించుట ప్రాణాపాయము. పంపును చేతిమీటతో ఆడించగా పెట్రోలు ధారగా కాక బుడగలతో ఉమిసినచో అప్పుడు నిస్సంశయముగ వేపర్ లాక్. ఇన్నియు చేయలేనివారు ఒకరోజు గుడ్డ వేసి, మరియొకరోజు వేయక ఊరకే కూర్చుండి, గడియారము చూచి పోల్చుకొనవచ్చును. రెండు రోజులును అదే సమయము పట్టినచో గుడ్డ చేసినదేమియు లేదు. ప్రయోగశాలలో దీనినే సరిపోల్చు ప్రయోగమందురు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినపిమ్మట అంబాసిడర్, ఫియట్ కార్ల ప్రాబల్యము తగ్గసాగినది. 2000 ప్రాంతమున పొగ నియమములు కఠినమగుటతో కార్బురేటరు పోయి పెట్రోలును ఒత్తిడితో చిమ్ము ఇంజెక్షన్ పద్ధతి వచ్చినది. అందులో పంపు ట్యాంకులోనే ఉండి వెనుకనుండి త్రోయును, ముందునుండి పీల్చదు. కనుక వేపర్ లాక్ అరుదైనది. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చినవి.

మిగిలియున్న పాత కార్లకు మాత్రము పెట్రోలే మారిపోయినది. 1921లో కెటరింగ్ ఆధ్వర్యమున పనిచేయుచుండిన మిడ్‌గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనము కలిపిన ఇంజను కొట్టుకొనుట తగ్గునని కనుగొన్నాడు. ఆ సీసము పాత ఇంజనుల వాల్వు పీటలు అరగకుండ కూడ కాపాడెడిది. గాలిని విషము చేయునది గనుక 2000 ఫిబ్రవరినుండి మన దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. 2003లో కొన్ని రాష్ట్రములలో 5 శాతముతో మొదలైన ఎథనాలు మిశ్రమము 2025 నాటికి 20 శాతమునకు చేరినది. ఎథనాలు నీటిని పీల్చుకొనును, పాత ట్యాంకులో పేరుకొన్న మడ్డిని కరిగించి గొట్టములలోనికి తెచ్చును, 1960ల, 70ల నాటి రబ్బరు భాగములను ఉబ్బించి మెత్తబరచును. అందుచేత ఇప్పుడు సిరివెళ్ల దగ్గర ఆగిన పాత అంబాసిడర్‌కు పై మూడు అనుమానములతోపాటు నాలుగవదియు చేరినది. పంపు విప్పి లోపలి రబ్బరు పొరను వేలితో నొక్కి చూడవలెను. అది సాగి వదులైనచో ఎంత తడిగుడ్డ వేసినను పెట్రోలు ఎక్కదు. ఎథనాలునకు తట్టుకొను రబ్బరుతో చేసిన క్రొత్త పొరను బిగింపవలెను.